కోనసీమ వేసవి: జాతరయు, మురుగుకాలువయు

కోనసీమలో వేసవి పంచాంగమును చూచి రాదు. కాలువను చూచి వచ్చును. దాళ్వా వరి పండి కోతలు సాగుచుండగా ఏప్రిల్ నెలలో ధవళేశ్వరమున తలుపులు దించి కాలువలు కట్టివేయుదురు. ఆ దినముననే ఇచ్చట వేసవి. పది పదునైదు దినములలో కాలువ యడుగు బీటలు వాఱును. నిన్నటి వఱకు గేదెలు మునిగియుండిన మడుగులో నేడు పిల్లలు కఱ్ఱలు పాతి బంతియాట ఆడుదురు. గట్టుమీద తాటిముంజెల గంపలు దిగును. ఇంటింట ఆవకాయకై కొత్తపల్లి కొబ్బరి కాయలను తడిగుడ్డతో తుడిచి నీడను పఱచుదురు. పనసకాయను కొట్టి పొట్టు తీయు చప్పుడు వీథి యంతట వినవచ్చును. జూన్ నెలలో నీరు మరల వచ్చు వఱకు ఈ ఆఱేడు వారములు రైతునకు తీరిక, గ్రామదేవతకు జాతర, మంచినీళ్ళ కావిడికి గిరాకి. కావిడి యని అలవాటు చొప్పున వ్రాసితిమి. ఇప్పుడది ఇరువది లీటర్ల టిన్ను.

ఈ వేసవిని మేము ఒక వారము దినములు మలికిపురమున బంధువుల యింట గడిపితిమి. వారి గ్రామమున జాతర యనియు, తప్పక రావలెననియు మూడేండ్లనుండి పిలుచుచున్నారు. చూచినది జాతర, చూడకుండ వచ్చియుండిన బాగుండునని తోచినది మఱియొకటి. రెంటిని గూర్చియు వ్రాయక తప్పదు.

మలికిపురమునకు మూడు దిక్కుల నీరు. పడమట సఖినేటిపల్లి దాటినచో వసిష్ఠ, తూర్పున వైనతేయ, దక్షిణమున బంగాళాఖాతము. అయినను చేను తడుపుటకు గ్రుక్కెడు నీరు కావలెనన్న ఈ మూడును పనికిరావు. నాలుగవ దిక్కయిన ఉత్తరమున గన్నవరము వైపు చూడవలెను. అక్కడ వైనతేయ పాయ మీదుగా, నదిపై వంతెన కట్టి మనుష్యులను నడిపించినట్లు, కాలువనే నడిపించిరి. ధవళేశ్వరము ఆనకట్ట ముగిసిన 1852వ సంవత్సర ప్రాంతమున కాటను దొర క్రింద పనిచేసిన హేగు అను యువకుడు 49 కమానులతో కట్టించిన అక్విడక్టు అది. దాని ప్రక్కనే కట్టిన క్రొత్త అక్విడక్టుపై 2000వ సంవత్సరమునుండి నీరు పాఱుచున్నది. దానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. లంకల గన్నవరమున తన గడపకు వచ్చిన ఆకలిగొన్నవారికెల్ల ఏ వేళనైనను అన్నము పెట్టి, 1909లో గతించిన ఆ యిల్లాలి పేరు ఈ ప్రాంతమునకు నీరు పోయు కట్టడమునకు పెట్టుట సముచితము. ప్రభుత్వములు పెట్టిన పేర్లలో మేము మనసార మెచ్చుకొనునవి కొద్ది, ఇది యొకటి.

ఇక్కడి దినచర్యను గూర్చి పట్టణవాసులగు మా పాఠకులకు నాలుగు మాటలు చెప్పుదుము. తెల్లవారుజామున మొదట వినవచ్చునది కోడికూత కాదు; నేలలో పాతిన గునపముపై కొబ్బరికాయను గ్రుచ్చి పీచు వలుచు చప్పుడు. ఒక్కొక్క కాయకు మూడు త్రిప్పులు. ఆఱు గంటలకు కాఫీ త్రాగుచు ప్రతివాడును అడుగు ప్రశ్న ఒక్కటే: అంబాజీపేటలో కాయ ధర యెంత? ఆ ధరను బట్టి ఆనాటి యింటి మాటల తీరుండును. పదకొండు దాటినంతనే వీథి నిర్మానుష్యము. వసారాలో తాటాకు విసనకఱ్ఱ వేసికొని, లేదా విద్యుత్తు ఉన్నచో పంకా క్రింద, నాలుగు గంటల వఱకు ఊరంతయు నిద్రించును. సాయంకాలము రాజోలు బస్సు దిగినవారితో టీ దుకాణము నిండును. ప్రతి నాలుగైదు ఇండ్లకు ఒక యిల్లు కువైటునకో, దుబాయికో, మస్కటునకో మనిషిని పంపినది. వారిలో ఆడవారు చాలమంది. పరుల పిల్లలకు అన్నము పెట్టుచు తమ పిల్లల ముఖమును చేతిలోని ఫోనులో చూచుకొను తల్లులు కోనసీమలో నేడు వేలకొలది గలరు. పచ్చని కొబ్బరితోటలను పటములలో చూచి కోనసీమ స్వర్గమని వ్రాయువారు ఈ మాట వ్రాయరు.

ప్రజలకు ప్రభుత్వమువలన జరుగు సేవలు మా చిన్ననాటితో పోల్చిచూచిన పెరిగినవని ఒప్పుకొనవలెను. నదులపై వంతెనలు లేచినవి. దిండి వద్ద చించినాడ వంతెన ఎక్కి పాలకొల్లు ఒక పూటలో పోయిరావచ్చును. ఆపదలో 108కి ఫోను చేసిన బండి వచ్చును. 2019 అక్టోబరు 2వ తేదీనుండి గ్రామ సచివాలయము ఏర్పడి, ధ్రువపత్రము కొఱకు తాలూకా కచేరి అరుగుపై మూడు దినములు కూర్చుండు దురవస్థ చాలవఱకు తొలగినది. నెల మొదట వృద్ధుల పింఛను వారి గడప యొద్దకే వచ్చుచున్నది. 2024 జూలైనుండి అది 4,000 రూపాయలు. మేము దిగిన యింటి ప్రక్కన ఒక ముసలమ్మ ఆ పైకమును అందుకొని కన్నులకద్దుకొని, అందులోనుండి ఒక నోటు తీసి జాతర చందాకు పక్కన పెట్టుట చూచితిమి.

రైలు మాట మాత్రము అడుగరాదు. కాకినాడనుండి కోటిపల్లికి 1928లో పట్టాలు వేసి, యుద్ధకాలమున 1940లో పెఱికికొని పోయిరి. మరల వేయుటకు 2004వ సంవత్సరము కావలసివచ్చినది. కోటిపల్లినుండి కోనసీమ మీదుగా నరసాపురమునకు మార్గము 2000వ సంవత్సర ప్రాంతమున మంజూరైనది. దాని కొఱకు పాటుపడిన లోకసభాధ్యక్షుడు బాలయోగిగారు 2002 మార్చి 3న హెలికాప్టరు ప్రమాదమున మరణించిరి. నదులలో స్తంభములు నిలిచినవి, రైలు రాలేదు. సఖినేటిపల్లి రేవున నేటికిని పంటు మీదనే నరసాపురము దాటుచున్నారు.

నీటి సంగతి చెప్పెదము. మండలములోని ఒక గ్రామమున మేము చూచిన కొళాయి ప్రక్క నాలుగు బిందెలు వరుసగా ఉన్నవి. వాటికి మనుష్యులు లేరు. ఎప్పుడు వచ్చునని అడుగగా, ఒక చిన్నది, 'వస్తే బిందెలే చెబుతాయండి' అన్నది. చెఱువు నింపుకొనవలసిన సమయమున, అనగా కాలువలు కట్టివేయుటకు ముందు, సగమే నింపిరట. ఎవరు నింపలేదని అడిగినచో ఒకరు ఒక కార్యాలయమును, ఆ కార్యాలయము వేఱొక కార్యాలయమును చూపిరి. ఈ ప్రాంతమున భూమిలోని నీరు సముద్రమునకు దగ్గఱగుకొలది చప్పదనము కోల్పోవును. కావున చెఱువు నింపుట ఇక్కడ పరిపాలనలో ఒక అల్పాంశము కాదు. వేసవి యంతయు దానిపైననే ఆధారపడియున్నది.

ఇప్పుడు జాతర. కోనసీమవారు దీనిని తీర్థమనియు అందురు. చైత్రమాసమున శ్రీరామనవమి పందిళ్ళు లేచినది మొదలు వైశాఖము ముగియు వఱకు ఏదో యొక ఊర తీర్థము లేని వారము ఉండదు. చైత్ర శుద్ధ ఏకాదశికి వాడపల్లి వేంకటేశ్వరుని కల్యాణము. వైశాఖ శుద్ధ చతుర్దశికి నృసింహ జయంతి యని అంతర్వేదికి ప్రయాణములు. ఏప్రిల్ 14న అంబేద్కరు జయంతికి పేటపేటను ఊరేగింపు. సాయంకాలముల క్రైస్తవ కూటములు. మేము విచారింపగా ఆ ప్రాంతపు ఒకే సప్లయి కంపెనీ కుర్చీలు, గుంజలు, దీపములు ఈ ఉత్సవములన్నిటికిని తిరుగుచున్నవని తెలిసినది. గుంజలకు తెలిసిన ఐకమత్యము మనుష్యులకు తెలియవలదా యని మా బంధువు నవ్వెను.

మా బంధువుల గ్రామమున అమ్మవారి జాతరకు నెల దినముల ముందే చాటింపు వేసిరి. కమిటీలో పదునొకండుగురు. చందా పుస్తకములో ఎకరమునకింత, ఇంటికింత యని వ్రాసికొనిరి. గల్ఫు దేశములనుండి వచ్చిన పైకము వేఱు పుట. తాటాకు పందిరి ఒక పేటవారిది. దీపముల తోరణము ఇంకొక పేటవారిది. మజ్జిగ చలివేంద్రము యువకులది. వీథులు చిమ్మి నీళ్ళు చల్లుట, చెత్త యెత్తుట ఇంటింటి వంతు. జాతర దినమున గరగలు లేచినవి. అలంకరించిన ఇత్తడి గరగలను తలపై నిలిపి, చేయి తాకింపకుండ, డప్పుల దరువునకు అడుగు వేయు ఆ నృత్యమును చూచినవారికి గోదావరి మండలముల జానపదకళ యెంతటిదో బోధపడును. అమ్మవారు వీథి వీథి తిరుగగా ఆడవారు పసుపునీళ్ళతో వారుపోసిరి. రాత్రి హరిశ్చంద్ర నాటకము. కాటిసీను ముగియునప్పటికి తూరుపు తెల్లవాఱినది; ఎనుబదేండ్ల వృద్ధులొకరు కుర్చీలోనుండి కదలలేదు.

మమ్ము ఆశ్చర్యపఱచినది అది కాదు. మఱునాడు ఉదయము ఎనిమిది గంటలకు ఆ వీథిలో ఒక్క కాగితపు గ్లాసు లేదు. సాయంకాలము రామాలయపు అరుగుపై లెక్కలు చదివిరి. పూలకెంత, బాణసంచాకెంత, గరగలవారికెంత. ఒకచోట నూట యేబది రూపాయలు తేడా వచ్చినదని ముక్కాలు గంట వాదించి, అది మజ్జిగకు పెట్టిన మంచుగడ్డల ఖర్చని తేలిన పిదపనే ముందునకు పోయిరి. ఏ శాసనము వీరిని కట్టివేయలేదు. ఏ అధికారి రాలేదు. ఇంతటి వ్యవహారదక్షత, ఇంతటి బహిరంగ జవాబుదారీ మేము అనేక పురపాలక సంఘములలో చూచియుండలేదు.

ఆ మఱునాటి ప్రాతఃకాలమున మా బంధువు మమ్ము దక్షిణపు దిక్కున తోటలకు తీసికొనిపోయెను. శంకరగుప్తము మురుగుకాలువ పరిసరములు. జనులు డ్రెయిను అందురు. ఆ కాలువ పని సులభము: వర్షాకాలమున చేలలో, తోటలలో నిలిచిన నీటిని సముద్రమునకు చేర్చుట. అయితే సముద్రమునకు పోటున్నది. పోటు వేళ ఉప్పునీరు ఎదురెక్కి వచ్చును. గట్టు బలముగ నుండి, కాలువ నోరును లోతును సక్రమముగ నున్నచో ఎక్కిన నీరు ఆటుతో దిగిపోవును. గట్టు కుంగి, పూడిక పేరుకొని, దారి చెడినచో ఎక్కిన నీరు తోటలోనికి పొర్లి అక్కడనే నిలుచును. కొబ్బరిచెట్టు సముద్రపు గాలికి, ఒకింత ఉప్పునకు ఓర్చును గాని, వేళ్ళచుట్టు కదలక నిలిచిన ఉప్పునీటికి ఓర్వదు. మొదట మట్టలు వ్రేలాడును. పిందె రాలును. తుదకు మొవ్వు వంగి పడిపోవును. మిగులునది ఆకసమునకు ఎత్తిన మొండెము. కేశనపల్లి ప్రాంతమున అట్టి మొండెములు వరుసలు వరుసలుగ నిలిచియున్నవి. 2025 నవంబరులో రాష్ట్ర ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ గారు స్వయముగ కేశనపల్లికి వచ్చి వాటిని చూచిపోయిరి. పత్రికలలో పటములు పడినవి.

తోటలో ఒక వృద్ధరైతు కనబడెను. మేము పత్రికవారమని తెలిసి లేచి నిలిచెను.

'ఆయ్, చూడండి బాబుగారూ. మా నాన్నగారు పాతిన చెట్లండి ఇవి. తొంబయ్యారు తుపానుకి ఊరు ఊరంతా పడుకుందండి. ఇవి మాత్రం నిలబడ్డాయి. గాలికి చావనివి నీళ్ళకు చచ్చాయండి.'

మరల పాతవచ్చును గదా యని మేము తెలివితక్కువగ అడిగితిమి.

'పాతొచ్చండి. ఆరేడేళ్ళకి కాపు. అప్పటికి నాకు తొంబై దాటతాయండి. మా వాడు కువైట్లో ఉన్నాడు, వాడు వచ్చి ఎక్కుతాడా? అయినా నీరు దిగకుండా ఎక్కడ పాతనండి?'

1996 నవంబరు 6వ తేదీ రాత్రి వీచిన తుపాను కోనసీమ తోటలను నేలకూల్చినది. వేయిమందికి పైగా ప్రాణములు గోలుపోయిరి. ఆ గాలి దైవికమనవచ్చును. ఈ నీరు దైవికము కాదు. డెల్టా మురుగుకాలువల దుఃస్థితిని గూర్చి 1960ల దశకముననే మిత్రా సంఘము విచారణ జరిపి నివేదిక సమర్పించినది. డ్రెయినేజి పన్ను పేర రైతునుండి సొమ్ము వసూలు చేయుటకు శాసనము వచ్చినది. 2011లో కోనసీమ రైతులు సార్వా పంటకు సెలవు ప్రకటించి వేలకొలది ఎకరములు బీడు పెట్టినప్పుడు, గిట్టుబాటు ధరతోపాటు వారు చెప్పిన కష్టములలో ఈ ముంపును ఒకటి. అన్నము పెట్టు సీమ నాగలి దించివేసిన సంగతి దేశమంతయు విన్నది. కమిటీ వచ్చినది, పోయినది. మురుగు మాత్రము నిలిచినది.

ఈ స్థితిని తలపోయుచు మేము ఒక దూరదేశమును స్మరించితిమి. నిష్కారణముగ కాదు. స్పెయిను దేశమున మధ్యధరా సముద్రతీరమున వలెన్సియా అను సీమ కలదు. అదియు నది ప్రక్కన పల్లపు నేల. అందును వరి పండును. సముద్రపు టొడ్డున ఉప్పుటేరువంటి పెద్ద సరస్సున్నది. వేసవిలో మధ్యాహ్నము దుకాణములు మూసికొని జనులు నిద్రింతురు. రాత్రి తొమ్మిది దాటిన పిదప భోజనము. ఊరూర పునీతుని పేర వేసవి ఉత్సవము; దానికి ఏటేట ఎన్నుకొనబడు ఉత్సవపెద్దలు; ఊరి పిల్లలే నేర్చి వాయించు మేళము; దూరదేశములకు పనికి పోయినవారు ఆగస్టు నెలలో ఆ ఉత్సవమునకై తిరిగి వచ్చుట. పేర్లు మార్చినచో రాజోలు సీమయే.

ఆ వలెన్సియా నగరమున ప్రతి గురువారము మధ్యాహ్నము పండ్రెండు గంటలకు, ప్రధాన దేవాలయపు ఒక ద్వారము ముందఱ, బాటమీదనే, ఎనిమిదిమంది నల్లని అంగరకాలు తొడిగికొని కూర్చుందురు. వారు న్యాయవాదులు కారు. తురియా నది కాలువల క్రింది రైతులు తమలోనుండి ఎన్నుకొనిన పెద్దలు. తామును దున్నుకొని బ్రదుకువారే. ఒక్కొక్క కాలువ పేరు పిలుతురు. వంతు తప్పించి నీరు మళ్ళించినవానిని, కాలువ పూడ్చినవానిని, తన మురుగును పొరుగువాని చేనిలోనికి వదలినవానిని అచ్చట నిలువబెట్టుదురు. వాదము నోటిమాటగనే. తీర్పు అప్పటికప్పుడే. కాలువ ఏ గట్టుదో ఆ గట్టు పెద్దలు కాక ఎదురుగట్టు పెద్దలు తీర్పు చెప్పుట అచ్చటి మర్యాద. అరబ్బుల నాటినుండి వచ్చినదని చెప్పుకొను ఈ సభను 2009లో యునెస్కో మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చినది. కొన్ని గురువారములు ఫిర్యాదు ఉండదు. పేర్లు పిలిచి, కొద్ది నిమిషములలో లేచిపోవుదురు. ఫిర్యాదు లేకపోయినను కూర్చుండుట మానరు.

చిత్రమేమనగా, మన కాలువలను ఏలిన ఆంగ్లేయులు ఈ దేశములను బాగుగ ఎఱిగినవారే. బేర్డుస్మిత్తు అను ఇంజనీరు ఇటలీ కాలువలను పరిశీలించి 1852లో గ్రంథము వ్రాసి, పిదప మన గోదావరి కృష్ణా కావేరి పనులను చూచి 1856లో నివేదిక వ్రాసెను. తూర్పు స్పెయిను కాలువలను గూర్చి మార్కాము దొర 1867లో నివేదిక సమర్పించెను. కొలతలు తెచ్చిరి, లాకుల పద్ధతులు తెచ్చిరి. రైతుల సభను మాత్రము తేలేదు. దాని బదులు 1858లో మదరాసు ప్రభుత్వము నిర్బంధపు పని శాసనము చేసినది. గట్టు తెగినచో గ్రామస్థుని బలవంతముగ పనికి లాగవచ్చును. ఊరివారు ఇచ్ఛాపూర్వకముగ చేసికొను మరామత్తు ఆచారమును వెట్టిగ మార్చిన తరువాత, వెట్టి పోయిననాడు ఆచారమును పోయినది. 'కాలువ సర్కారుది' అను మాట అప్పుడు పుట్టినది. సర్కారు మారినది గాని మాట మారలేదు.

స్వరాజ్యమున దీనిని దిద్దు ప్రయత్నము జరుగలేదని మేము అనము. 1997లో ఆంధ్రప్రదేశమున సాగునీటి సంఘముల శాసనము వచ్చి పదివేలకు పైగా సంఘములకు ఎన్నికలు జరిగినవి. దేశమున అట్టి పని అదివఱకు ఆ పరిమాణమున జరుగలేదు. కాని పిదప వచ్చిన ప్రభుత్వములు ఎన్నికలు వాయిదా వేయుటకు నేర్చుకొన్నవి. మధ్య కొన్ని యేండ్లు సంఘములే లేవు. 2024 డిసెంబరులో మరల ఎన్నికలు జరిగినవి. ఎన్నికైనవారు ఎచ్చట కూర్చుందురు, ఏ దినమున కూర్చుందురు, ఎవరి ఫిర్యాదు విందురు అని మేము మలికిపురమున ముగ్గురు రైతులను అడిగితిమి. ముగ్గురును మూడు విధములుగ నవ్విరి.

వలెన్సియా పొగడ్తకే తగినదని మా యభిప్రాయము కాదు. 2024 అక్టోబరు 29న అచ్చట కురిసిన కుంభవృష్టికి, ఏడాదిలో అధికభాగము ఎండియుండు పోయో అను వాగు పొంగి, రెండువందల యిరువదిమందికి పైగా మరణించిరి. ప్రజల ఫోనులకు హెచ్చరిక రాత్రి ఎనిమిది దాటిన పిదప చేరినది. అప్పటికే వీథులలో నీరు. 1957 వరదల తరువాత ప్రభుత్వము తురియా నదినే నగరమునకు దూరముగ త్రవ్విన క్రొత్త మార్గమునకు మళ్ళించియుండుటచే నగరము బ్రదికెను. ఆ రక్షణ లేని దక్షిణపు ఊళ్ళు మునిగెను. తరువాతి దినములలో వేలకొలది జనులు పారలు, చీపుళ్ళు భుజమున వేసికొని వంతెన దాటి ఆ ఊళ్ళకు నడచిపోయి బురద యెత్తిరి. రైతుసభ నదిని మళ్ళింపలేదు. అట్లే మలికిపురము రైతులు శంకరగుప్తము కాలువ నోటిని సముద్రమునకు ఎదురొడ్డి సరిచేయలేరు. అది యంత్రముల పని, కోట్ల పని, నిశ్చయముగ ప్రభుత్వము పని. దాని కొఱకు ప్రభుత్వమును నిద్రపోనీయరాదు.

అయితే పెద్ద మురుగుకాలువలో కలియు చిన్న కాలువలు ఎవరివి? ఈ భాగము మా పాఠకులకు రుచింపకపోవచ్చును. ఊరి మురుగుబోదెను తోటలో కలుపుకొని కొబ్బరి నాటినవాడు కూలివాడు కాడు. ఇరువది యడుగుల కాలువను ఎనిమిదడుగులు చేసినది సముద్రము కాదు. వరిచేలను రొయ్యల చెఱువులుగ త్రవ్వి, ఆ ఉప్పునీటిని రాత్రివేళ పొరుగువాని బోదెలోనికి వదలునది ఏ ప్రభుత్వము? గుఱ్ఱపుడెక్క మోకాలెత్తున పెరిగి కాలువను మూసివేయుచుండగా దానిపైననే అరటితొక్కలు, ప్లాస్టికు సంచులు పాఱవేయువారెవరు? వీరందఱు గౌరవనీయులు, పత్రికాపాఠకులు, జాతరకు పెద్ద చందాలు వ్రాయువారు. కొందఱిని మేము పేరు పెట్టి పిలిచి భోజనము చేసి వచ్చితిమి.

ఇంకొకటి. జాతర పని పేటపేటకు పంచినట్లు మురుగుకాలువ పని పంచుకొనుటకు కులము అడ్డమని కొందఱు మా చెవిలో చెప్పిరి. 2022 మే 24న జిల్లా పేరు విషయమై అమలాపురమున ఇండ్లు తగులబడిన సంగతి ఎవరును మఱచియుండరు. కాని పల్లపు పేట మొదట మునుగును, ఎగువ తోట తరువాత చచ్చును; మధ్య దూరము రెండు పోటులు. కేశనపల్లి మొండెములలో ఏది యెవరి చెట్టో చూచి చెప్పగలవారు లేరు.

మేము కోరునది పెద్ద సంగతి కాదు. ఏటేట కాలువలు కట్టివేసిన దినము ఎల్లరకు తెలిసినదే. అప్పటినుండి నీరు వదలు దినము వఱకు ఆఱేడు వారములున్నవి. ఈ వారములలో ప్రతి లాకు క్రింద, ప్రతి ఊర, ఎన్నికైన నీటిసంఘమువారు వారమున కొకనాడు రామాలయపు అరుగుపైనో, చర్చి ఆవరణనో, బడి చెట్టు క్రిందనో కూర్చుండవలెను. ఏ బోదెను ఎవరు కలుపుకొనిరో కరణము నాటి లెక్కలు, నేటి సర్వే పటములు చూచి పైకి చదువవలెను. తాగునీటి చెఱువు ఎంత నిండినదో కాలువ కట్టివేయుటకు ముందు గ్రామస్థుల ముందఱ కొలువవలెను. ఎన్నికైన వారి గట్టు తగవును పక్క లాకు క్రిందివారు తీర్పుట మేలు. మన ఊళ్ళలో బంధుత్వములు ఎట్టివో అందఱమెఱుగుదుము. నూట యేబది రూపాయల మంచుగడ్డలకు ముక్కాలు గంట లెక్క అడిగిన గ్రామము, ఆఱు సెంట్ల మురుగుబోదెకు లెక్క అడుగలేదని మేము నమ్మము.

మేము బయలుదేరు దినమున కమిటీ లెక్కలు మూసివేసి, మిగులు పైకము ఏమి చేయవలెనని అరుగుపై కూర్చుండిరి. పై సంవత్సరమునకు ఇంకను పెద్ద దీపతోరణము చేయింతమని కొందఱు. అమ్మవారి గుడికి సున్నము వేయింతమని కొందఱు. వెనుక వరుసనుండి మస్కటునుండి సెలవుపై వచ్చిన యువకుడొకడు లేచి, త్రవ్వు యంత్రమును రెండు దినములు బాడుగకు తెచ్చినచో ఊరి దిగువ బోదెను డ్రెయిను వఱకు తీయించవచ్చునని, దానికి అయ్యెడి ఖర్చు తాను కనుగొని వచ్చితినని చెప్పెను. ఒక్క క్షణము ఎవరును మాటాడలేదు. అంతట ముందు వరుసలోని పెద్దమనిషి యొకరు, ఆ బోదె తమ తోటలోనుండి పోవుననియు, గట్టుమీద పదునెనిమిది చెట్లు కాపు మీదనున్నవనియు గొంతు సవరించుకొని మొదలుపెట్టిరి. యువకుడు, 'తాతగారూ, ఆ చెట్లు బోదెలోనే ఉన్నాయండి' అని తగ్గకయే అనెను. రాజోలు బస్సు వచ్చినదని మా బంధువు తొందరపెట్టుటచే మేము లేచితిమి. అప్పటికి ఆ చర్చ తెమలలేదు.